యూత్ క్యాంప్‌కి వాలంటీర్‌గా వెళ్ళడం ఎలా: ఉల్లిపాయల బస్తా దగ్గర్నుంచి మొదలుపెడదాం

ఏప్రిల్ సగానికి వచ్చేసరికి చర్చి వాట్సాప్ గ్రూపుల నిండా పోస్టర్లే. మూడు రోజుల యూత్ క్యాంప్, ఐదు రోజుల వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్), స్పీకర్ గారి ఫోటో పెద్దగా, అడుగున మాత్రం చిన్న అక్షరాల్లో "వాలంటీర్లు కావలెను, పాస్టర్ గారిని కలవండి" అని ఒక లైన్. ఇంటర్ పరీక్షలైపోయి ఇంట్లో ఖాళీగా కూర్చున్నవాళ్ళు, డిగ్రీ పిల్లలు, హైదరాబాద్‌లో జాబ్ చేస్తూ ఆన్‌లైన్ ఆరాధనతో సరిపెట్టుకుంటూ ఈసారైనా దేవుని కోసం ఏదో ఒకటి చేయాలి అనుకునేవాళ్ళు, అందరూ ఆ లైన్ దగ్గర ఒక్క నిమిషం ఆగుతారు. ఆగి, మనకేం వచ్చులే అనుకుని కిందకి స్క్రోల్ చేసేస్తారు. అలా స్క్రోల్ చేయబోతున్నవాళ్ళ కోసం రాస్తున్నా ఇది.

మాది ఒంగోలు వైపు, తాతల నాటి నుంచి బాప్టిస్టు కుటుంబం. పద్దెనిమిదేళ్ళప్పుడు మొదటిసారి వెళ్ళా, ఆ తర్వాత ఒకటి రెండేళ్ళు తప్ప ప్రతి మే నెలా ఎక్కడో ఒకచోట క్యాంపులోనే ఉన్నా. మొదటిసారి వెళ్ళేటప్పుడు నా లెక్క వేరే ఉండేది లెండి. నాకు కీబోర్డ్ వచ్చు, చర్చిలో రెండేళ్ళుగా వాయిస్తున్నా, కాబట్టి వర్షిప్ టీమ్‌లో పెడతారు, స్టేజీ మీద లైట్లు, కింద నూటయాభై మంది యూత్, అమ్మాయిలు కూడా చూస్తారు (నిజం చెప్పుకోవాలి కదా). బస్సు దిగి బ్యాగు కింద పెట్టానో లేదో వంట చూసే అంకుల్ ఒకాయన చేతిలో కత్తిపీట పెట్టి, బాబూ ముందు ఆ ఉల్లిపాయల బస్తా సంగతి చూడు అన్నారు. మూడు రోజులూ అంతే. ఉల్లిపాయలు, గిన్నెలు, నీళ్ళ డ్రమ్ములు. మొదటి రోజు కళ్ళనీళ్ళు కారుతుంటే ఉల్లిపాయలకి అని చెప్పా గానీ సగం అవమానానికే.

కానీ ఆ మూడు రోజుల్లో స్పీకర్ గారు ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు, ఆ అంకుల్ తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి వెలిగించే ముందు, కట్టెల పక్కన చాప కూడా లేకుండా మోకాళ్ళేసుకుని, ఎవరికీ వినపడకుండా పేర్లు పేర్లుగా ప్రార్థన చేయడం మాత్రం ఇప్పటికీ కళ్ళముందే ఉంది. అందుకే వాలంటీర్‌గా వెళ్తే విశ్వాసంలో ఎదుగుతామా అని ఎవరైనా అడిగితే ఎదుగుతాం గానీ మీరనుకునే చోట కాదు అని చెప్తుంటా.

సరే, ఒక్కొక్కటే చూద్దాం.

ముందు అది ఏ క్యాంపో కనుక్కోండి

అన్నీ ఒకటి కాదు. వీబీఎస్ అంటే చిన్నపిల్లలు, పొద్దున వస్తారు మధ్యాహ్నం ఇళ్ళకి పోతారు, చర్చిలోనే జరుగుతుంది, యాక్షన్ సాంగ్స్, కథలు, కంఠత వాక్యాలు, రంగు కాగితాలు. మొదటిసారి అయితే ఇదే మంచిది, రాత్రి బస ఉండదు కాబట్టి సగం తలనొప్పి తగ్గుతుంది. హైస్కూలు, ఇంటర్ పిల్లల క్యాంపులు రెండు మూడు రాత్రుళ్ళు ఉంటాయి, అసలు పని అక్కడే. ఇక కాలేజీలో ప్రేయర్ సెల్‌కి వెళ్ళినవాళ్ళకి యూఈఎస్ఐ గురించి చెప్పక్కర్లేదు, 1954 నుంచి ఉన్న కాలేజీ విద్యార్థుల క్రైస్తవ సంస్థ, వాళ్ళ క్యాంపుల్లో స్టూడెంట్లే చాలా పనులు మీదేసుకుంటారు, పెద్దవాళ్ళు పక్కన ఉంటారంతే. మండలి యూత్ డిపార్ట్‌మెంట్లు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) డయోసిస్‌లు, లూథరన్ సంఘాలు, ఇండిపెండెంట్ చర్చిలు ఎవరి క్యాంపులు వాళ్ళవి. దసరా, సంక్రాంతి సెలవుల్లో కూడా ఉంటాయి, వేసవిలో కుదరనివాళ్ళు అవి చూసుకోవచ్చు, ఎండ బాధ కూడా ఉండదు.

పేరు ఇచ్చే ముందు కొన్ని అడగండి, మొహమాటపడకుండా. ఎంతమంది పిల్లలు, ఎంతమంది పెద్దవాళ్ళు? అబ్బాయిలూ అమ్మాయిలూ ఎక్కడెక్కడ పడుకుంటారు, రాత్రిపూట ఆ గదుల దగ్గర ఎవరుంటారు? అమ్మానాన్నల దగ్గర సంతకం తీసుకుంటున్నారా? దగ్గర్లో ఆసుపత్రి ఎంత దూరం, రాత్రికి బండి ఉంటుందా? ఇవన్నీ అడిగితే "బ్రదర్, దేవుడే చూసుకుంటాడు, విశ్వాసముంచండి" అనే సమాధానం వచ్చిందనుకోండి, ఆ క్యాంపుకి వెళ్ళొద్దు, అంతే. దేవుడు చూసుకునేది ఎలా అంటే బండి మాట్లాడిపెట్టేవాళ్ళ ద్వారానే.

మీ పరిస్థితి ఉన్నదున్నట్టు చెప్పండి

ఇది చాలామంది దాచిపెట్టే సంగతి. ఆరునెల్లయింది బైబిల్ తెరిచి, లోపల ఏవో డౌట్లు ఉన్నాయి, ప్రార్థన చేస్తుంటే గోడతో మాట్లాడినట్టుంది, అలాంటప్పుడు వాలంటీర్‌గా వెళ్ళొచ్చా? వెళ్ళొచ్చండి. కానీ పాస్టర్ గారికో యూత్ లీడర్ అన్నకో, మాట బయటికి పోదు అని నమ్మకం ఉన్న ఒక్కరికి చెప్పి వెళ్ళండి. వాళ్ళు మిమ్మల్ని గ్రూపు లీడర్‌గా పెట్టకుండా వంటలోనో రిజిస్ట్రేషన్‌లోనో పెడతారు, అది పనిష్మెంట్ కాదు. చెప్పకుండా వెళ్ళి పిల్లల ముందు లేని విశ్వాసం నటించడం మొదలుపెడితే మూడో రోజుకి మీకే మీమీద అసహ్యం వేస్తుంది, నాకు ఒక ఏడు అలాగే అయింది.

మూడు వారాల ముందు నుంచి

క్యాంపులో దొరకనిది టైమ్. అక్కడికి వెళ్ళాక ప్రశాంతంగా వాక్యం చదువుకుంటాలే అనుకుంటే అయ్యే పని కాదు. అందుకని ముందే మొదలుపెట్టండి. మార్కు సువార్త తీసుకోండి, పదహారే అధ్యాయాలు, రోజుకొకటి. చదివాక ఒక నోటుబుక్కులో రెండు లైన్లు రాయండి: ఇందులో నాకు అర్థంకానిది ఏంటి, ఇది నేను తొమ్మిదో క్లాసు పిల్లాడికి ఎలా చెప్తా. ఈ రెండో ప్రశ్న దగ్గరే అసలు కథ.

ఎందుకంటే మన తెలుగు బైబిల్ భాష పాతది, పెద్దవాళ్ళకి తేనెలాగ ఉంటుంది, ఇంగ్లీష్ మీడియం పిల్లలకి మాత్రం సగం ఎక్కదు. ఒకసారి మా గ్రూపులో నేను "సమాధానము" గురించి ఇరవై నిమిషాలు చెప్పా. యేసు ఇచ్చే సమాధానము, లోకం ఇవ్వలేని సమాధానము అని తెగ చెప్పుకుపోతున్నా. అయిపోయాక ఎనిమిదో క్లాసు పాప ఒకమ్మాయి చెయ్యెత్తి, "అన్నా, క్వశ్చన్ ఏంటి?" అంది. నాకు అర్థం కాలేదు. "ఆన్సర్ అన్నావు కదా, దేనికి ఆన్సర్?" అంది. ఇరవై నిమిషాలూ ఆ పిల్లల బుర్రల్లో సమాధానం అంటే పరీక్షలో రాసేదే! మనకి చిన్నప్పటి నుంచి చర్చిలో విని విని మనశ్శాంతి అనే అర్థం ఒంటబట్టిపోయింది, వాళ్ళకేం తెలుసు. అప్పట్నుంచి చెప్పబోయే భాగంలో ఇలాంటి మాటలు కింద గీత గీసుకుని పక్కన మామూలు తెలుగు రాసుకుంటా. రక్షణ, కృప, నీతిమంతుడు, మారుమనస్సు, పరిశుద్ధపరచబడుట, ఇవన్నీ. ఒక చిట్కా ఏంటంటే మీ ఇంట్లో చర్చికి రాని బంధువుకి ఎవరికైనా ఆ మాట చెప్పి చూడండి, మొహం చూస్తే తెలిసిపోతుంది. ఇలా రాసుకుంటున్నప్పుడు నాకు తెలిసిన ఇంకో సంగతి, కృప అంటే ఏంటో నాకూ సరిగా తెలియదని, పాడటం మాత్రమే వచ్చని.

మూడు కథలు పుస్తకం చూడకుండా చెప్పడం వచ్చేలా చేసుకోండి, మూడు చాలు. రిజిస్ట్రేషన్ లిస్టు ముందే దొరికితే మీ గ్రూపు పిల్లల పేర్లు రాసుకుని రోజూ పేరుపేరునా ప్రార్థన చేయండి, మొదటిరోజు గేటు దగ్గర వాళ్ళని చూసినప్పుడు కొత్తగా అనిపించదు.

బ్యాగులో

టార్చి, మగ్గు, స్టీలు కంచం గ్లాసు, ఓడోమాస్, రెండు కాటన్ టవళ్ళు, సేఫ్టీ పిన్నులు, మార్కర్, మీ మందులు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఓ పది. మంచి బట్టలు ఒక్క జత చాలు. బంగారం వద్దు. ఛార్జర్ మీద పేరు రాసుకోండి లేకపోతే రెండోరోజు మీది కాదు.

మొదటి రోజు

మీటింగు సాయంత్రం మొదలవుతుంది గానీ మీ పని గేటు దగ్గర మొదలవుతుంది. పేర్లు నేర్చుకోండి. "ఒరేయ్ బ్లూ షర్టు" అని పిలిస్తే ఆ పిల్లాడు మూడురోజులూ బ్లూ షర్టుగానే ఉండిపోతాడు. ఎవడో ఒకడు బలవంతం మీద వచ్చినవాడు ఉంటాడు, బ్యాగు భుజం మీంచి దించకుండా గోడకి ఆనుకుని నిలబడి ఉంటాడు చూడండి, వాడి దగ్గరికి వెళ్ళి వెంటనే యేసు గురించి మొదలుపెట్టకండి బాబూ, కుర్చీలు మోయడానికి ఒక చెయ్యి వేయమనండి. చేతికి పని దొరికితే మనిషికి చోటు దొరికినట్టే, నాకు ఉల్లిపాయలతో అయింది అదే కదా.

మొదటి రాత్రి ఇంటికి పోతానని ఏడ్చేవాళ్ళు ఉంటారు, పెద్దపిల్లల్లో కూడా. ఎగతాళి చేయనివ్వకండి. ఇంటికి ఒకసారి ఫోన్ చేయించండి, పొద్దున టిఫిన్ అయ్యేదాకా చూద్దాం అని చెప్పండి. టిఫిన్‌లో పూరీ ఉంటే నూటికి తొంభైమంది ఆగిపోతారు.

వంట, నీళ్ళు, ఎండ

దీని గురించి ఎక్కువ రాస్తున్నా, ఎందుకంటే క్యాంపులు పాడయ్యేది ప్రసంగాల వల్ల కాదు, ఇక్కడే.

కేజీ బియ్యం ఏడెనిమిది మందికి వస్తుంది, అదీ పెద్దవాళ్ళ లెక్క, ఆటలాడి వచ్చిన ఇంటర్ కుర్రాళ్ళకైతే ఆరుగురికే అనుకోండి. నూటఇరవై మందికి పూటకి పదహారు నుంచి ఇరవై కేజీలు. వంటమాస్టర్ చెప్పిందే వేదం, మధ్యలో మీరు దూరి పప్పు ఎక్కువైంది తక్కువైంది అనకండి. మీ పని కోయడం, మోయడం, వడ్డించడం, కడగడం. వడ్డించేటప్పుడు చివరి వరసలో కూర్చున్నవాళ్ళకి కూర సరిపోతుందా లేదా చూసుకుంటూ వెయ్యాలి, ముందు వరసకి గరిటెడు గరిటెడు వేసేసి వెనకవాళ్ళకి పులుసు పోస్తే ఆ గొడవ సాయంత్రం మీటింగు దాకా నడుస్తుంది. వాలంటీర్లు ఆఖర్న తినాలి. ఒక్కోసారి మిగిలేది అడుగంటిన అన్నం, ఆవకాయ. అది బాగానే ఉంటుంది లెండి.

మే నెల ఎండ గురించి మన ప్రకాశం, గుంటూరు, ఖమ్మం వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ ప్రోగ్రాం వేసేవాళ్ళకి చెప్పాలి. పొద్దున పదకొండు దాటాక సాయంత్రం నాలుగు దాకా గ్రౌండ్‌లో ఆటలు పెట్టనివ్వకండి, గేమ్స్ బ్రదర్‌కి ఎంత ఉత్సాహం ఉన్నా సరే. మజ్జిగ డ్రమ్ము నీడలో ఎప్పుడూ ఉండాలి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకి ఒకటి, మొత్తం ఒకేసారి కలపాలి, గ్లాసులో చిటికెడు చిటికెడు వేసుకోకూడదు. ప్యాకెట్లు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, తలకొట్టిన స్పూన్లు, కుప్పగా కాదు. పిల్లాడి ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, పిలిస్తే సరిగా పలకకపోతే అది మామూలు నీరసం కాదు, వడదెబ్బ. నీడకి తీసుకెళ్ళి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ విసరండి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకండి. చుట్టూ చేరి ప్రార్థన చేస్తామనేవాళ్ళని కాస్త దూరంగా నిలబడి చేయమనండి, గాలి రావాలి.

సముద్రం దగ్గరైతే ఇంకో సంగతి. మా వైపు క్యాంపులంటే చాలావాటికి ఒక సాయంత్రం కొత్తపట్నం బీచ్ ఉంటుంది. పిల్లల్ని నీళ్ళలోకి దిగనివ్వకండి, మోకాళ్ళ లోతే కదా అన్నా సరే, అల వెనక్కి లాగేటప్పుడు మోకాళ్ళ లోతు చాలు. బస్సు దిగేటప్పుడు లెక్క, వెళ్ళగానే లెక్క, ఎక్కేముందు లెక్క. మరి బీచ్‌కి వెళ్ళి ఏం చేయాలి అంటే, 1868లో వేల్స్‌లో లాండుడ్నో అనే ఊరి బీచ్‌లో జోసియా స్పైయర్స్ అనే ఆయన ఇసుకలో దేవుడు ప్రేమ అని పెద్ద అక్షరాలు గీసి, అక్కడ ఆడుకుంటున్న పిల్లల్ని ఆ అక్షరాలకి గవ్వలు, నాచు అతికించమన్నాడు, తర్వాత కథ చెప్పాడు. పిల్లలకి బైబిల్ నేర్పే స్క్రిప్చర్ యూనియన్ అనే సంస్థ చరిత్ర అక్కడి నుంచి చెప్పుకుంటారు. మేం కొత్తపట్నంలో తెలుగక్షరాలతో చేశాం, గుంపుకొక అక్షరం. "ప్రే" రాసిన గ్రూపు క్రావడి మర్చిపోయి "పే" అని రాసింది, ఫోన్‌పే వాడకం మరి, అందరూ నవ్వి నవ్వి చచ్చారు. మైకు లేదు, కీబోర్డ్ లేదు, ఖర్చు లేదు.

గ్రూపులో కూర్చున్నప్పుడు, గ్రూపు అయిపోయాక

గ్రూపు టైమ్‌లో మీరు మాట్లాడేది మూడోవంతు మించకూడదు. ప్రశ్న అడిగి ఊరుకోండి, ఆ నిశ్శబ్దానికి భయపడి మీరే జవాబు చెప్పేయకండి, మనసులో ఇరవై లెక్కపెట్టండి, ఎవరో ఒకరు నోరు తెరుస్తారు. అయితే పిల్లలు అసలు మాట్లాడేది గ్రూపులో కాదు, గిన్నెలు కడిగేటప్పుడు, బాత్రూమ్ క్యూలో, కరెంటు పోయినప్పుడు.

నేను తప్పు చేసింది కూడా అక్కడే. నాలుగో క్యాంపో ఐదోదో. పంపు దగ్గర కంచాలు తోముతున్నా, తొమ్మిదో క్లాసు పిల్లాడు పక్కనొచ్చి కూర్చుని నేను తోమినవి నీళ్ళలో ముంచి తీస్తున్నాడు. ఓ పది కంచాలయ్యాక తలెత్తకుండానే అడిగాడు: "అన్నా, మా నాన్న తాగొచ్చి అమ్మని నన్ను కొడతాడు. రోజూ ప్రార్థన చేస్తున్నా. ఎందుకు ఆగట్లేదు?" నేను ఏమన్నానో తెలుసా? ఇంకా విశ్వాసంతో చెయ్ తమ్ముడూ, దేవుడు తప్పకుండా మారుస్తాడు అన్నా. అలా అనాలని నాకు నేర్పించారు, నేనూ అన్నా. వాడు ఊఁ అని, చేతిలో ఉన్న కంచం ముంచి తీసి, బోర్లించి, లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ నా దగ్గరికి రాలేదు. నేను ఎవరికీ చెప్పలేదు కూడా, క్యాంపు అయిపోయిన వారానికి ఏదో మాటల్లో డైరెక్టర్ గారితో అంటే ఆయన తల పట్టుకుని అప్పుడే ఎందుకు చెప్పలేదు అన్నారు. తర్వాత వెతికితే వాళ్ళు ఊరు మారిపోయారు.

ఇప్పుడైతే ఏం చేస్తానంటే, ముందు కంచం కింద పెడతా. వింటా. "నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నా, ఇందులో నీ తప్పు లేదు, నీ విశ్వాసం తక్కువై కాదు" అని చెప్తా. ఎందుకు ఆగట్లేదో నాకు తెలియదు అని ఒప్పుకుంటా. ఎవరికీ చెప్పను అని మాత్రం మాటివ్వను, ఇది బాగా గుర్తుపెట్టుకోండి, మన పిల్లలు ముందు అదే అడుగుతారు, "అన్నా ఎవరికీ చెప్పనని ప్రామిస్ చెయ్యి" అని. నీకు సాయం చేయగలిగిన ఒక్కరికి చెప్పాల్సి వస్తుంది, అది ఎవరో ముందు నీకు చెప్తా అనండి. తర్వాత అదే రోజు క్యాంపు బాధ్యులకి చెప్పండి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రైనా పగలైనా పలుకుతుంది. పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళ మీద లైంగికంగా ఏదైనా జరిగిందని తెలిస్తే అది చర్చిలో కూర్చుని సర్దుకునే విషయం కాదు, 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి, పెద్దమనిషి, సేవకుడు, సొంత బంధువు ఎవరైనా సరే. సంఘం పరువు పోతుంది అనేవాళ్ళు ఉంటారు. పోనివ్వండి.

మిమ్మల్ని మీరు కాపాడుకునే లెక్క కూడా ఇదే: ఏ పిల్లాడితోనైనా పాపతోనైనా ఒంటరిగా మూసిన గదిలో కూర్చోకండి, పదిమందికి కనపడే చోట, వినపడనంత దూరంలో కూర్చోండి. పిల్లల ఫోటోలు మీ స్టేటస్‌లో పెట్టకండి, ఏడుస్తూ ప్రార్థన చేస్తున్నవి అసలే వద్దు.

ఆ పిల్లాడి తర్వాత నాకు చాలా రోజులు ప్రార్థన రాలేదు. మోకాళ్ళమీద ఉంటే వాడు బోర్లించిన కంచమే గుర్తొచ్చేది. అప్పుడు మా అమ్మమ్మ, పెద్దగా చదువుకోలేదు, 88వ కీర్తన చదవమంది. చదివి చూడండి, మొరపెట్టి మొరపెట్టి చివరికి చీకటి దగ్గరే ఆగిపోతుంది ఆ కీర్తన, మిగతావాటిలాగా స్తోత్రంతో ముగియదు. అయినా బైబిల్లో ఉంది. అది చదివాక నాకు అనిపించింది, జవాబు లేకుండా దేవుని ముందు కూర్చోవడం కూడా విశ్వాసమే అని ఆ పంపు దగ్గర నాకు తెలిసుంటే వాడికి అదే చెప్పేవాణ్ణి కదా అని.

క్యాంప్‌ఫైర్ రాత్రి

చివరి రాత్రి మంట వేస్తారు, స్లో సాంగ్ పాడతారు, ప్యాడ్స్ మీద ఆ ఒక్క శ్రుతి మోగుతూనే ఉంటుంది, పిల్లలు ఏడుస్తారు, చేతులెత్తుతారు. అది అబద్ధం అనట్లేదు, నా జీవితంలో కూడా అలాంటి రాత్రి ఒకటుంది. కానీ అక్కడ మూడు రోజుల నిద్రలేమి ఉంది, స్నేహితులంతా ఏడుస్తున్నారు, రేపు ఇంటికి పోవాలన్న దిగులుంది, అన్నీ కలిసి ఉన్నాయి. కాబట్టి ఆ రాత్రి ఎంతమంది చేతులెత్తారు అని లెక్కపెట్టి రిపోర్టు రాసే పని మీకిస్తే కాస్త తప్పించుకోండి. ఏడ్చే పిల్లాడి పక్కన కూర్చోండి, మంచినీళ్ళివ్వండి, ఇప్పుడే ఏదో ఒకటి నిర్ణయించుకో అని తొందరపెట్టకండి. హిందూ, ముస్లిం ఇళ్ళ నుంచి ఫ్రెండ్స్‌తో వచ్చిన పిల్లలైతే ఇంకా జాగ్రత్త, అమ్మానాన్నలకి తెలియకుండా చిన్నపిల్లల చేత ఏ తీర్మానమూ సంతకమూ చేయించే హక్కు మనకి లేదు.

మా ఒంగోలు వాళ్ళకి ఇది కొత్త పాఠమేం కాదు. 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువులో ఒంగోలులో ఉన్న అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి పని పెట్టి కూడు పెట్టాడు. అప్పుడే వేలమంది బాప్తిస్మం ఇవ్వమని అడిగితే కరువు పని నడిచినన్నాళ్ళూ ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారో దేవుని కోసం వచ్చారో వాళ్ళకే తెలియని టైమ్‌లో ఇవ్వకూడదని. కరువు తీరాక కూడా వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ ఏట్లో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా తాతలు ఆ అంకెని ఒక్కటే గర్వంగా చెప్పేవాళ్ళు, ఆగిన సంగతి చెప్పేవాళ్ళు కాదు. నాకు ఆగిందే పెద్ద సంగతి అనిపిస్తుంది. కరువు ఆకలికే అంత ఆగినప్పుడు మనం మంట చల్లారేదాకా ఆగలేమా?

మీరు ఎండిపోకుండా

రెండో రోజు మధ్యాహ్నానికి వాలంటీర్లందరికీ ఒకరిమీద ఒకరికి చిరాకు మొదలవుతుంది, ఇది రాసిపెట్టుకోండి. నేను గిన్నెలు తోముతుంటే వాడు స్టేజీ దగ్గర సౌండ్ చెక్ అంటున్నాడు, లూకా పదో అధ్యాయంలో, పనంతా నామీదే పడేసి చెల్లెలు కూర్చుందన్న మార్త గొడవే. ఆ టైమ్‌లో మీకు కావాల్సింది ఉపదేశం కాదు, నిద్ర. ఏలీయా ప్రవక్త చచ్చిపోతాను ప్రభువా అంటే దేవదూత ప్రసంగం చేయలేదు, రొట్టె పెట్టి నీళ్ళిచ్చి మళ్ళీ పడుకోనిచ్చాడు. మధ్యాహ్నం ముప్పావుగంట పడుకోండి, పక్కవాడికి పని అప్పజెప్పి. పొద్దున పిల్లలు లేవకముందు ఇరవై నిమిషాలు మీకోసం ఉంచుకోండి, గ్రూపులో చెప్పడానికి పాయింట్లు వెతుక్కోవడానికి కాదు, ఊరికే చదువుకోవడానికి. వాలంటీర్లలో ఒకరితో ముందే మాట్లాడిపెట్టుకోండి, రోజూ రాత్రి ఐదు నిమిషాలు, ఇవాళ ఎవరిమీద కోపమొచ్చింది, ఎక్కడ గొప్పలు పోయాను అని ఒకరికొకరు చెప్పుకుని ప్రార్థన చేసుకుని పడుకోండి. మొదట సిగ్గేస్తుంది, రెండోరోజుకి అదే లేకపోతే నిద్రపట్టదు.

జూన్ నెల

క్యాంపు అయ్యాక వారం రోజులు మనం గాల్లో తేలుతుంటాం, గ్రూపులో రోజుకి రెండొందల మెసేజ్‌లు. తర్వాత కాలేజీలు తెరుస్తారు, మెసేజ్‌లు గుడ్ మార్నింగ్ ఫోటోలైపోతాయి, మన బైబిల్ మళ్ళీ అలమారలోకి పోతుంది. ఇది అందరికీ అవుతుంది, మీరొక్కరే పడిపోయారని అనుకోకండి.

చేయాల్సింది తక్కువే. మీ గ్రూపు పిల్లలకి, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి తెలిసేలాగే, మూడుసార్లు ఫోన్ చేయండి: పదిరోజులకి ఒకటి, స్కూళ్ళు తెరిచాక ఒకటి, దసరాకి ఒకటి. పెద్దగా ఏం వద్దు, ఎలా ఉన్నావ్, ఏం తిన్నావ్, ఆ మార్కు సువార్త ఎందాకా వచ్చింది. వాళ్ళ ఊళ్ళో చర్చి ఉంటే అక్కడి అయ్యగారికి, అమ్మగారికి పరిచయం చేసి మీరు పక్కకి తప్పుకోండి, మీ చుట్టూ ఫ్యాన్స్‌ని తయారుచేసుకోకండి. మీ సంగతికొస్తే, సొంత చర్చిలో ఎవరూ చూడని పని ఒకటి అడిగి తీసుకోండి, కుర్చీలు సర్దడమో, ప్రభు బల్ల గ్లాసులు కడగడమో, సండే స్కూల్లో చిన్నగ్రూపుకి కథ చెప్పడమో, ముసలివాళ్ళని బండి మీద దించి రావడమో. క్యాంపులో మూడురోజులు ఉన్న మనిషి ఆదివారం కూడా ఉన్నాడా లేడా అన్నది అక్కడ తేలుతుంది.

ఈ మే నెలకి నన్ను ఎట్టకేలకు కీబోర్డ్ వాయించమని పిలిచారు. సరే అన్నా గానీ మధ్యాహ్నాలు వంట దగ్గరే ఉంటానని ముందే చెప్పా. మీలో ఎవరైనా మా వైపు క్యాంపుకి వస్తుంటే ఒక్క సాయం చేయండి, వచ్చేటప్పుడు మంచి కత్తిపీట ఒకటి పట్టుకురండి, మా దగ్గరున్నది మొద్దుబారిపోయి రెండేళ్ళయింది.